పాత వీధికి నమూనా కట్టాలంటే: స్కేలు, అట్ట, కొలత దేన్నిబట్టి ఎంచుకోవాలి

నెల్లూరు రంగనాయకులపేటలో ఒక పాత ఇంటి అరుగు మీద పులిజూదం పటం ఉంది. సుద్దతో గీసింది కాదు, ఉలితో బండలోకి దించింది. తరాల తరబడి వేళ్లు రాసుకుని గీతల అంచులు నున్నబడ్డాయి. ఆ ఇంటివాళ్లు ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపాలనుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పెరిగిన కుటుంబానికి గదులు కావాలి, బండి నిలపడానికి చోటు కావాలి. కానీ ఆ అరుగు, దాని మీది పటం, దాని పైన వాలిన చూరు కొలతలతో సహా ఎక్కడో ఒకచోట మిగలాలని నాకు బలంగా అనిపించింది. అలా వీధి నమూనాలు కట్టడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు కట్టాను. మొదటిది పాడైపోయింది, రెండోది సగంలో ఆపేశాను, మూడోది నిలిచింది.

ఈమధ్య కందుకూరు, ఒంగోలు, వెంకటగిరి వైపు నుంచి కూడా కొందరు అడుగుతున్నారు. మా పేటను ఇలా కట్టాలంటే ఏ స్కేలు తీసుకోవాలి? అట్టతో కట్టాలా, త్రీడీ ప్రింటరుతో తీయించుకోవాలా? పేట మొత్తం కట్టాలా, ఒక్క వీధి చాలా? అందరినీ నేను తిరిగి అడిగేది ఒకటే. ఏది లేకపోతే మీ వీధి మీ వీధి కాకుండా పోతుంది? అలాంటివన్నీ రాసుకుని, వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని పట్టుకోండి. అది కంటికి ఆనే స్కేలే మీ స్కేలు. స్థలం, సామాను, ఖర్చు అన్నీ దాని వెనకాలే తేలతాయి. నా విషయంలో ఆ చిన్న వస్తువు అరుగు మీది పులిజూదం పటం.

స్కేలు: 1:50, 1:100, 1:200, 1:500

లెక్క కోసం ఒక వీధి అనుకుందాం. పొడవు 120 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, రెండు పక్కలా ఇళ్ల లోతు 25 మీటర్ల చొప్పున. ఇది మన పాత పేటల్లో కనిపించే కొలతే. 1:50 అంటే అసలులో యాభయ్యో వంతు; రెండో అంకె పెరిగేకొద్దీ స్కేలు, నమూనా చిన్నవవుతాయి. 1:50లో కడితే నమూనా 2.4 మీటర్ల పొడవు, 1.12 మీటర్ల వెడల్పు వస్తుంది. అంటే ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు మొత్తం పట్టేస్తుంది, గదిలో ఇంకేమీ పెట్టుకోలేరు. 1:100లో అదే వీధి 120 సెంటీమీటర్లకు 56 సెంటీమీటర్లు. నాలుగడుగులకు రెండడుగుల పలక మీద సరిపోతుంది, ఇద్దరు మోస్తే ఏ గుమ్మంలోనుంచైనా దూరుతుంది. 1:200లో 60కి 28. 1:500లో నోటుపుస్తకం అట్టంత.

ఇప్పుడు అరుగు సంగతి చూడండి. 75 సెంటీమీటర్ల ఎత్తు అరుగు 1:50లో సెంటీమీటరున్నర, 1:100లో ఏడున్నర మిల్లీమీటర్లు, 1:200లో నాలుగుకు కొంచెం తక్కువ, 1:500లో మిల్లీమీటరున్నర. జానెడు పులిజూదం పటం 1:100లో రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. 0.05 మిల్లీమీటర్ల మొన ఉన్న డ్రాయింగు పెన్నుతో, భూతద్దం కింద, త్రికోణాన్నీ లోపలి గీతల్లో కొన్నిటినీ గీయగలిగాను. 1:200లో అది చుక్క అవుతుంది. మొదటి నమూనా 1:200లో కట్టినప్పుడు జరిగిందదే. ఇళ్లన్నీ ఉన్నాయి, గుడి ఉంది, సందులు కూడా తప్పు లేకుండా ఉన్నాయి. చూసినవాళ్లు మాత్రం ఏ ఊరిదని అడిగారు.

దీనికి కారణం తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది. ప్రపంచంలో పేరుపడ్డ నగర నమూనాలు చాలావరకు మనం అనుకునే దానికన్నా చిన్న స్కేలువే. ప్రాగ్ నగరంలో గ్రంథాలయ ఉద్యోగి ఆంటోనిన్ లాంగ్‌వైల్ 1826 నుంచి 1837లో చనిపోయేదాకా అట్టతో కట్టిన నమూనా 1:480. రెండువేలకు పైగా ఇళ్లు, ప్రతి ఇంటి ముందుగోడనూ విడిగా చూసి, గీసి, రంగులు వేసి కట్టాడు. 19వ శతాబ్దం చివర ప్రాగ్‌లోని యూదుల పాతపేటలో చాలా ఇళ్లు పడగొట్టారు. ఆ ఇళ్లు ఎలా ఉండేవో చూపించే గట్టి ఆధారాల్లో ఆ అట్టల నమూనా ఒకటి. పద్నాలుగో లూయీ కాలంలో ఫ్రాన్సు కోటలకు కట్టించిన నమూనాలు 1:600. ప్రాచీన రోముకు ఇటలీ వాస్తుశిల్పి ఇటాలో గిస్మోండి ప్లాస్టరుతో కట్టిన నమూనా 1:250. జెరూసలేం ప్రాచీన నగర నమూనా మాత్రం 1:50, అదీ ఆరుబయట, రాతితో.

లాంగ్‌వైల్ 1:480లో చేయగలిగింది మనం ఎందుకు చేయలేమంటే, ప్రాగ్ ఇంటి ముఖం గోడ. ఆ గోడ చదునుగా ఉంటుంది. కిటికీలు, తలుపులు, సున్నపు నగిషీలు గీసి రంగు వేస్తే ఇల్లు వచ్చేస్తుంది. మన పాత ఇంటి ముఖం గోడ కాదు. వీధి, కాలువ, కాలువ మీద బండ, రెండు మెట్లు, అటూ ఇటూ అరుగులు, అరుగుల మీద స్తంభాలు, స్తంభాల మీద వాలిన చూరు, ఆ చూరు నీడలో గోడ, ఆ గోడలో ద్వారబంధం. ఆరేడు పొరలు ఒకదాని వెనక ఒకటి. దాన్ని బొమ్మగా గీసి అతికిస్తే చచ్చిపోతుంది, లోతు కట్టి తీరాలి. అందుకే అరుగుల వీధికి 1:100 కన్నా చిన్నది తీసుకోవద్దని నా గట్టి సలహా. మిద్దెల వీధి అయి, అరుగులు లేకుండా గోడలు నేరుగా రోడ్డు మీదికి ఉంటే 1:200 నిక్షేపంగా సరిపోతుంది. పేట పెరిగిన తీరు, సందుల అల్లిక, గుడి చుట్టూ వీధులు తిరిగిన వైనం చూపించడమే మీ ఉద్దేశమైతే 1:500 తీసుకోండి. అప్పుడు ఇళ్లను చెక్కదిమ్మెల్లా వదిలేయండి, కిటికీల జోలికి పోవద్దు.

రైలు నమూనాల స్కేళ్లయిన 1:87, 1:160 తీసుకుంటే మనుషులు, బండ్లు, చెట్లు తయారుగా దొరుకుతాయని కొందరు ఆశపడతారు. దొరుకుతాయి, కానీ ఆ మనుషులు కోట్లు, టోపీలు వేసుకుని ఉంటారు. బిందె చంకనెత్తుకున్న ఆవిడ, జట్కా, సైకిలుకు పాలక్యాన్లు తగిలించుకున్న మనిషి ఆ పెట్టెల్లో ఉండరు. ఎలాగూ చేత్తో చేసుకోవాల్సిందే. బొమ్మల దుకాణాల్లో దొరికే చిన్న కార్లు ఎక్కువగా 1:64 ప్రాంతంలో ఉంటాయి, 1:100 ఇంటి పక్కన పెడితే లారీ వచ్చి నిలిచినట్లుంటుంది.

ఇంకొక దారి ఉంది. కొలతలన్నీ అడుగుల్లో తీసుకునే అలవాటున్న వాళ్లకు 1:96 హాయిగా ఉంటుంది, ఎందుకంటే అది అడుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వడ్రంగి టేపు పట్టుకుని లెక్క లేకుండా గీసేయవచ్చు. మీటర్లలో కొలిచేవాళ్లకు 1:100, మీటరుకు సెంటీమీటరు. ఏదో ఒకటే పట్టుకోండి. రెంటికీ తేడా నూటికి నాలుగే కదా అని ఇద్దరు చెరొకటి కడితే, 120 మీటర్ల వీధి చివరికి వచ్చేసరికి ఐదు సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే ఒక చిన్న ఇంటి వెడల్పు.

ఎంత మేర కట్టాలి

పేట మొత్తం కాదు, ఒక వీధి. అది కూడా పెద్దదనిపిస్తే నాలుగిళ్లు, ఒక సందు మలుపు. రంగనాయకులపేటకు పెన్నానది, తల్పగిరి రంగనాథస్వామి గుడి ఉన్నాయి కాబట్టి వాటినీ కలుపుకోవాలని ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ లాగింది. కలుపుకుంటే గుడి చేయడానికే రెండేళ్లు పోతాయి, వీధి మిగిలిపోతుంది.

మన జిల్లాలో ఒక సౌకర్యం ఉంది. ఇంటి స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లో చెప్పుకుంటాం. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు వెళితే అది 36 అడుగులే. ఇరవై అంకణాల ఇల్లంటే 1440 చదరపు అడుగులు, దాదాపు 134 చదరపు మీటర్లు. 1:100లో సరిగ్గా 134 చదరపు సెంటీమీటర్లు, పదకొండున్నరకు పదకొండున్నర. అరచేయి చాపితే ఇంచుమించు సరిపోయేంత. మీ వీధిలో ఎన్ని అంకణాల ఇళ్లు ఎన్ని ఉన్నాయో రాసుకుంటే, ఎన్ని అరచేతుల పని ఉందో మొదటి రోజే తెలిసిపోతుంది. నాకు ఒక్కో అరుగుల ఇంటికి, కొలతలు కాకుండా, సాయంత్రాలు మాత్రమే పనిచేస్తే మూడు వారాలు పట్టింది. ఇరవై ఇళ్లంటే ఏడాది పైమాటే.

చేనేత పేట అయితే వీధి ఎంపికలో ఇంకో సంగతి చూడాలి. వెంకటగిరి లాంటి చోట గుంట మగ్గాలున్న ఇళ్లకు నేల కిందికి కూడా లోతు కావాలి. మగ్గం గుంట చూపించాలంటే పునాది పలక పైన మరో సెంటీమీటరు మందం ముందే వేసుకోండి. తర్వాత తవ్వడం కుదరదు.

కొలవడం: టేపా, ఫోనా, డ్రోనా

టేపే. ఈ మాట మొండిగా చెబుతున్నానని అనుకోవద్దు. ఫోనుతో వందా రెండువందల ఫొటోలు చుట్టూ తిరిగి తీసి, వాటి నుంచి కంప్యూటరులో త్రీడీ రూపం రాబట్టే పద్ధతి ఇప్పుడు బాగా పనిచేస్తుంది. పిట్టగోడ మీది సున్నపు పూలకు, వంగిన గోడలకు అది టేపు కన్నా మేలు. కానీ దానికి రూపం తెలుసు, పరిమాణం తెలియదు. ప్రతి ఇంటి ముందు ఒక మీటరు కర్ర నిలబెట్టి ఫొటోలో పడేలా తీయకపోతే ఆ రూపం ఎంత పెద్దదో చెప్పలేం. ఇంకో ఇబ్బంది, అరుగు వెనక చూరు నీడలో ఉన్న భాగాన్ని అది సరిగా పట్టుకోదు. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, కిటికీ ఊచలు దాన్ని తికమక పెడతాయి. మనకు కావలసింది సరిగ్గా ఆ నీడలోనే ఉంది. కాబట్టి ఫోనును నగిషీలకు వాడుకోండి, ఇంటి ఎముకలకు టేపు పట్టండి.

డ్రోను ఇంటి కప్పుల అమరికకు పనికొస్తుంది. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోనుకు పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు గానీ, ఆ చోట ఎగరవేయవచ్చో లేదో డ్రోన్ల కోసం ఉన్న ప్రభుత్వ మ్యాపులో చూసుకోవాలి, గుళ్ల దగ్గర ముందుగా అడగాలి. ఉపగ్రహ చిత్రంలో కప్పుల ఆకారం చాలావరకు దొరుకుతుంది కాబట్టి నాకు డ్రోను అవసరం పడలేదు.

టేపు పట్టుకుని వెళ్లడానికి మంచి వేళ తెల్లవారు ముగ్గులు పెట్టే సమయం. బండ్లు ఇంకా బయటికి రావు, అరుగు అంచులు కనిపిస్తాయి, అడగడానికి ఇంటివాళ్లు వాకిట్లోనే ఉంటారు. అడగకుండా ఎవరి గోడకూ టేపు ఆనించవద్దు. ఇంటి కొలత అనగానే స్థలం తగాదానో పన్ను లెక్కో అనుకుని భయపడతారు. నేను నమూనాలో కట్టిన మొదటి ఇంటిని చేతిలో పట్టుకుని వెళ్లేవాణ్ణి. అది చూపించాక ఒక్కరూ కాదనలేదు. ఇద్దరైతే లోపలికి పిలిచి పాత దస్తావేజు తీసి, చెక్కుబందీలు (నాలుగు వైపుల హద్దులు), అంకణాల లెక్క చదివి వినిపించారు. వీధిలో ఇప్పుడు లేని ఇంటి వెడల్పు అలా దొరికింది.

లోపలికి వెళ్లడం కుదరకపోతే స్తంభాలు లెక్కపెట్టండి. అంకణమనే మాటకు రెండు దూలాల మధ్య ఎడం అనే అర్థం కూడా ఉంది. ఒక ఎడం కొలిచి, ఎన్ని అంకణాలున్నాయో చూస్తే ఇంటి వెడల్పు దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది.

సామాను: ఇక్కడ తొందరపడవద్దు

థర్మోకోల్‌ను మొదట్లోనే పక్కన పెట్టేయండి. తేలిక, చవక, ఇట్టే తెగుతుంది. కానీ స్ప్రే రంగులోని ద్రావకం దాన్ని తినేస్తుంది. నా మొదటి నమూనా గోడలు నా కళ్లముందే గుంటలు పడ్డాయి. రెండు పక్కలా కాగితం ఉన్న ఫోమ్ బోర్డు లోపల కూడా అదే జాతి సరుకు, తెగిన అంచుల దగ్గర అంతే జరుగుతుంది. బ్రష్షుతో నీటి రంగులు వేస్తే ఇబ్బంది లేదు.

మిగిలేవి ముఖ్యంగా నాలుగు: బైండింగు అట్ట, సన్‌బోర్డు, లేజరుతో కోసే ఎం.డి.ఎఫ్. (చెక్కపీచును జిగురుతో ఒత్తి చేసిన పలక), త్రీడీ ప్రింటింగ్.

బోర్డులు రాసే దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు నీరు పీల్చదు, చెదలు పట్టదు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో ఇది చిన్న విషయం కాదు. పైగా ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు 1:100లో 50 సెంటీమీటర్ల గోడ. పాత ఇళ్ల అడుగున్నర గోడ, రెండు పక్కలా సున్నపు పూతతో కలిపి, దాదాపు అంతే. కిటికీ కోసి చూస్తే గోడ మందం అచ్చంగా పాత ఇంటిదే కనిపిస్తుంది. పాత ఇంటి కిటికీలో పిల్లలు ఎక్కి కూర్చోగలిగేంత చోటుంటుందే, ఆ లోతు. కొత్త ఇంటి నాలుగున్నర అంగుళాల గోడకూ దానికీ తేడా నమూనాలో కూడా తెలియాలి. అందుకే నా మూడో నమూనాలో బయటి గోడలన్నీ సన్‌బోర్డే. ఫెవికాల్ దీనికి సరిగా పట్టదు, ఫెవిక్విక్ లాంటి జిగురు వాడాలి. రంగు వేసే ముందు సన్న గరుకు కాగితంతో రుద్దాలి. ఒక హెచ్చరిక మాత్రం మరిచిపోవద్దు. సన్‌బోర్డు పి.వి.సి. ప్లాస్టిక్. దాన్ని లేజరు మీద కోయిస్తే విషవాయువు వస్తుంది, యంత్రం కూడా తుప్పు పడుతుంది. దుకాణదారుడు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. చేతికత్తితోనే కోయండి.

బైండింగు అట్ట, దాని మీద ఐవరీ కార్డు అనే తెల్లటి నున్నటి మందపు కాగితం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. చదరపు మీటరుకు మూడువందల గ్రాములుండే ఐవరీ కార్డు మందం మూడు, నాలుగు వందల మైక్రాన్ల (0.3, 0.4 మిల్లీమీటర్ల) మధ్య ఉంటుంది, 1:100లో మూడు నాలుగు సెంటీమీటర్లు. ద్వారబంధం గోడ కన్నా ముందుకు ఉబికే మేర సరిగ్గా అంతే. గడప, కిటికీ చట్రం, స్తంభం దిమ్మె అన్నీ ఆ కార్డుతోనే వచ్చేస్తాయి. బ్లేడు కింద అది పలికే తీరు ఇంకే సరుకుకూ లేదు. దీని లోపం చెమ్మ. ఒక పక్కే రంగు వేస్తే వానాకాలంలో అట్ట వంకర తిరుగుతుంది. రెండు పక్కలా, అంచులకూ, వడ్రంగులు వాడే లక్క పాలిష్ పలచగా రెండుసార్లు పట్టించండి. జిగురుకు మైదా వాడవద్దు, పురుగు పడుతుంది. పాత బైండర్లు మైదా గంజిలో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఆ దారి వద్దు. ఫెవికాల్ చాలు.

ఎం.డి.ఎఫ్. లేజరు కోత, ఒకే రకం ముక్కలు పదుల సంఖ్యలో కావాలన్నప్పుడు బంగారం. మేడ వరండా కటకటాలు, ఒకే కొలత తలుపు రెక్కలు చేత్తో కోస్తే వేళ్లు పోతాయి. అయితే ప్రతి కోతకూ కిరణం కొంత తినేస్తుంది, మిల్లీమీటరులో ఐదోవంతు దాకా. ఒకదానిలో ఒకటి దూరాల్సిన ముక్కలకు ఆ లెక్క ముందే వేసుకోవాలి. నా రెండో నమూనా, 1:50ది, ఆగిపోయింది ఇక్కడే. ఒక కటింగు దుకాణంలో నా డ్రాయింగును షీటుకు సరిపడేలా కొద్దిగా కుదించి కోశారు. నాకు చెప్పలేదు. ముక్కలు అతికించడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు, అప్పటికి డబ్బు ఇచ్చేశాను. అప్పటి నుంచి ప్రతి డ్రాయింగు మూలలో సరిగ్గా పది సెంటీమీటర్ల గీత ఒకటి కోయిస్తాను. అది కొలిచాకే మిగతా షీటు. మీరూ అలాగే చేయండి.

త్రీడీ ప్రింటరు గురించి నన్ను ఎక్కువగా అడిగేది కుర్రవాళ్లు. మామూలు ప్రింటరు మూతి 0.4 మిల్లీమీటర్లు. దానికన్నా సన్నని గోడను అది సరిగా పోయలేదు, 1:100లో అది నాలుగు సెంటీమీటర్లు. కిటికీ ఊచ అసలు మందం 12 మిల్లీమీటర్లు, స్కేలులో వెంట్రుక. అది ఏ పద్ధతిలోనూ రాదు, పెన్నుతో గీయాలి. ఇంకొకటి, ఎక్కువగా వాడే పి.ఎల్.ఎ. ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు బిగించి ఎండలో వదిలిన కారులో నమూనాను ఉంచితే స్తంభాలు వాలిపోతాయి. ద్రవ రెజిన్‌ను కాంతితో గట్టిపరిచే రెజిన్ ప్రింటరు చాలా సన్నని పని చేస్తుంది, కానీ ముడి రెజిన్ చర్మానికి తగలకూడదు, గాలి ఆడే గది కావాలి. నా తీర్పు: ఇళ్లకు అట్ట, సన్‌బోర్డు. నగిషీ స్తంభాలు, వీధి కుళాయి, కరెంటు స్తంభం మీది పింగాణీ గిన్నెల లాంటి చిల్లర సామానుకు ప్రింటరు. ఇల్లంతా ప్రింటు తీసినవాళ్లవి చూశాను. అన్ని గోడలూ ఒకేలా నునుపుగా ఉంటాయి. చేత్తో కోసినప్పుడు ఒక గోడ కొంచెం వంగుతుంది, ఒక చూరు కొంచెం కిందికి జారుతుంది. పాత వీధిలో జరిగేది కూడా అదే.

పెంకుల కప్పు గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే పై నుంచి చూసేవాళ్లకు నమూనాలో సగం కప్పే. మంగళూరు పెంకు చదరపు మీటరుకు పదిహేను దాకా పడతాయి. స్కేలు వేస్తే రెండు మిల్లీమీటర్లకో గీత, మూడు మిల్లీమీటర్లకో వరస. సిరా అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, మందపాటి కాగితం కింద మెత్తటి గుడ్డ పరిచి, ఆ గీతలు ఒత్తండి. ఆ కాగితాన్ని మూడు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, చూరు నుంచి నడికొప్పు వైపు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి ఎక్కిస్తూ అతికించండి. పై నుంచి మొదలుపెడితే వానకు నీళ్లు లోపలికి పోయే కప్పు అవుతుంది, చూసినవాళ్లకు ఎక్కడో తేడా ఉందని తెలిసిపోతుంది. గూన పెంకుల ఇల్లయితే గీతలు ఇంకా దగ్గరగా, కొంచెం వంకరగా ఒత్తండి. 1:50లో కట్టేవాళ్లు మాత్రం సన్న ముడతల ప్యాకింగు అట్ట పైపొర ఊడదీసి వాడుకోవచ్చు.

మన ప్రాంతం సరుకులు వాడాలనే మోజు నాకూ ఉండేది. పెన్నా ఇసుక, గూడూరు అభ్రకం, మార్కాపురం పలకరాయి. ప్రయత్నించాను. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1:100లో ఐదు సెంటీమీటర్ల రాయి, వీధంతా కంకర పరిచినట్లయింది. ఇటుక పొడిని పలచటి గుడ్డలో జల్లెడ పడితే అసలు మట్టి వీధిలా ఉంటుంది. పలక ముక్క మందం స్కేలులో జానెడు బండ అవుతుంది కాబట్టి బూడిదరంగు వేసిన కార్డే నిజమైన బండలా కనిపిస్తుంది. అభ్రకం ఒక్కటే నిలిచింది. పొరలు విప్పి, తలుపు పైన ఉండే అద్దాల వెంటిలేటరుకు పెట్టాను. ప్లాస్టిక్ కాగితంలా తళతళలాడదు, పాత అద్దంలా మెత్తగా మెరుస్తుంది.

ఏ సంవత్సరం వీధి

చాలామంది చివరికి వదిలేసే ప్రశ్న ఇది, మొదట తేల్చుకోవాలి. ఇవాళ ఉన్నట్టు కట్టాలా, పెద్దలు చెప్పినట్టు కట్టాలా?

ఇవాళ ఉన్నట్టు కట్టడం సులువు, కొలత అబద్ధమాడదు. కానీ ఇవాళ్టి వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. నేను చెప్పిన పులిజూదం ఇంటి అరుగు ఇప్పుడు సిమెంటు రోడ్డుకు రెండు జానలు కూడా ఎత్తు లేదు. నడవలోనుంచి చూస్తే తెలుస్తుంది. కాలువ కోసం తవ్వినప్పుడు పక్కన ఇంకో రెండు మెట్లు మట్టిలోంచి బయటపడ్డాయి. అరుగు ఎత్తు 75 సెంటీమీటర్లని నాకు తెలిసింది అప్పుడే. ఇవాళ్టి కొలతే పట్టుకుని ఉంటే, కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడానికి వీలే లేని అరుగు కట్టి ఉండేవాణ్ణి.

నేను ఎంచుకున్నది మధ్య దారి. ఫొటో, దస్తావేజు, నేలలో కనిపించే ఆనవాలు ఏదో ఒకటి దొరికిన ప్రతిదాన్నీ పాత రూపంలో, పూర్తి రంగులతో కట్టాను. ఒక్కరి నోటి మాట తప్ప ఆధారం లేనిదాన్ని కూడా కట్టాను, కానీ రంగు వేయకుండా అట్ట రంగులోనే వదిలాను. చూసేవాళ్లకు ఏది కొలిచిందో, ఏది విన్నదో చెప్పకుండానే తెలుస్తుంది. పూర్తి రంగుల్లో ఊహించి కట్టినదానికి అందం ఉండవచ్చు, కానీ పాతికేళ్ల తర్వాత ఎవరైనా దాన్ని ఆధారమనుకుంటారు.

గుడి మొత్తం కట్టకపోయినా గాలిగోపురం వీధి చివర కనిపించి తీరుతుంది. శిల్పాలు చెక్కడానికి పోవద్దు, అంతస్తుల ఆకారం, కలశాలు చాలు. ఎత్తుకు నీడ కొలవండి. మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లున్న క్షణాన గోపురం నీడ పొడవు తీసుకుని 0.8తో భాగించండి. నీడను గోపురం పునాది గోడ నుంచి కాకుండా పునాది మధ్య నుంచి లెక్కించాలి, శిఖరం ఉండేది అక్కడ కదా. దీన్ని మరిచి నేను గోపురాన్ని పొట్టి చేసి, మళ్లీ కట్టాను.

పీఠానికి 12 మిల్లీమీటర్ల, నీటికి తట్టుకునే ప్లైవుడ్ తీసుకోండి. నాలుగడుగులు దాటితే రెండు పలకలుగా చేయండి. అతుకు వీధికి అడ్డంగా రాకుండా పెరటి గోడల వెంట రావాలి. పైన యాక్రిలిక్ పెట్టె తప్పదు, ఈ ఊరి దుమ్ము ఒక్క వేసవిలో వీధినంతా ఒకే రంగు చేసేస్తుంది. దసరాకు బొమ్మల కొలువులో పెట్టాలనుకుంటే పెట్టె ఎత్తును మెట్టు ఎత్తుకు ముందే సరిచూసుకోండి. పలక అడుగున వీధి పేరు, స్కేలు, కొలిచిన తేదీలు, ఏ ఇంటికి ఏ ఆధారమో చెరగని సిరాతో రాయండి.

కొలతల పుస్తకం నకలు ఆ ఇంటివాళ్లకు ఒకటి ఇవ్వడం కూడా పనిలో భాగమే. పులిజూదం ఇంటి పెద్దాయనకు ఇచ్చినప్పుడు ఆయన పేజీలు తిప్పుతూ అరుగు పొడవు రాసిన చోట వేలు పెట్టి ఆగారు. ‘ఇది ఇంకో జానెడు ఉండేది నాయనా, కాలువ కట్టినప్పుడు కొట్టేశారు’ అన్నారు. ఆ రాత్రి రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి అరుగు చివర అతికించాను. దానికి రంగు వేయలేదు.